థైమస్‌ను ల్యాబులో కట్టగలమా? కృత్రిమ రోగనిరోధక అవయవాల సంగతి

రోగనిరోధక అవయవాలను ల్యాబులో తయారుచేశారన్న వార్తలు చాలా ఏళ్లుగా వస్తున్నాయి కదా, వాటిలో పరిశోధనకు నిజంగా పనికివచ్చేవి ఏవి, మనిషికి అమర్చే దశకు చేరినవి ఏవి, థైమస్ (ఛాతీలో గుండెకు పైన ఉండే, టి కణాలనే రోగనిరోధక కణాలను తీర్చిదిద్దే చిన్న అవయవం) లేకుండా పుట్టిన బిడ్డకు ఇవాళ వైద్యం ఏమైనా ఉందా, మన దేశంలో పరిస్థితి ఏమిటి అని మీరు అడిగారు. ముందు క్లుప్తంగా చెప్పి తరువాత వివరాల్లోకి వెళతాను. కొన్ని పరిమితమైన ప్రశ్నలకు జవాబు రాబట్టడానికి ల్యాబు నమూనాలు ఇప్పటికే బాగా పనిచేస్తున్నాయి. రోగికి అమర్చి, నియంత్రణ సంస్థ అనుమతి కూడా పొందినది మాత్రం థైమస్ కణజాలం ఒక్కటే, అదీ కచ్చితమైన అర్థంలో కృత్రిమం కాదు. మిగిలినవన్నీ దాదాపుగా ఎలుకల దగ్గరే ఆగి ఉన్నాయి. ఎందుకు ఆగాయన్నదే ఈ రంగంలో అసలు తెలుసుకోవలసిన విషయం అని నా అభిప్రాయం.

రోగనిరోధక శక్తి అనగానే అందరికీ గుర్తొచ్చేవి టి కణాలు, బి కణాలు, ప్రతిరక్షకాలు. ఇవి రక్తంలో తిరుగుతాయి, ఒక సిరంజితో తీయవచ్చు, పెంచవచ్చు, జన్యుమార్పు కూడా చేయవచ్చు. కానీ ఇవి అవయవం కాదు, అవయవం గుండా వెళ్లే బాటసారులు. థైమస్‌ను గానీ లింఫు గ్రంథిని గానీ అవయవంగా నిలబెట్టేది వాటిలో కదలకుండా ఉండే ఆధార కణజాలం, అంటే మేము స్ట్రోమా అని పిలిచే ఎపిథీలియల్ (పొరగా అమరే) కణాలు, ఫైబ్రోబ్లాస్టులు (పీచును తయారుచేసే కణాలు), రక్తనాళాల గోడలు, వాటి మధ్య అల్లుకున్న పీచుల వల. ఏ కణం ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని కలవాలి, ఎంతసేపు ఆగాలి, బతకాలా చావాలా అన్నవన్నీ ఆ వలలోని కణాలు విడుదల చేసే సంకేతాలే నిర్ణయిస్తాయి. మొత్తం గ్రంథిలో వీటి సంఖ్య చాలా తక్కువ. విడదీసి పళ్లెంలో వేస్తే వీటి స్వభావమే మారిపోతుంది. అందుచేత కృత్రిమ రోగనిరోధక అవయవం గురించిన ఏ వార్త చదివినా నేను మొదట వెతికేది అందులో స్ట్రోమా ఎక్కడి నుంచి వచ్చింది అన్నదే.

థైమస్ ఎందుకున్నదో 1961 వరకు ఎవరికీ తెలియదు. లండన్‌లో పనిచేస్తున్న జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల థైమస్‌ను తీసేసి, అవి పెరిగాక సాధారణ సూక్ష్మజీవులకు కూడా తట్టుకోలేకపోవడాన్ని, పరాయి చర్మపు అతుకును తిరస్కరించలేకపోవడాన్ని గమనించి దాని పని ఏమిటో బయటపెట్టాడు. ఎముక మజ్జ నుంచి వచ్చిన అపరిపక్వ కణాలు థైమస్ వెలుపలి పొరలో మొదట డీఎల్‌ఎల్‌4 అనే ప్రోటీన్ ఇచ్చే నాచ్ సంకేతంతో టి కణాలుగా మారే దారి పడతాయి. ఆ తరువాత మన శరీరపు హెచ్‌ఎల్‌ఏ అణువులను (కణాల మీద ఉండి సొంతదీ పరాయిదీ తెలిపే గుర్తులను) గుర్తుపట్టగలిగినవి మాత్రమే బతుకుతాయి. లోపలి పొరకు చేరిన వాటికి మరో పరీక్ష ఉంటుంది. అక్కడి ఎపిథీలియల్ కణాలు ఏఐఆర్‌ఈ అనే జన్యువు సాయంతో ఇన్సులిన్ వంటి, సాధారణంగా ఇతర అవయవాలలో మాత్రమే తయారయ్యే ప్రోటీన్లను కొద్దికొద్దిగా తయారుచేసి చూపిస్తాయి. వాటి మీద గట్టిగా దాడికి దిగే టి కణాన్ని అక్కడే చంపేయడమో, నియంత్రక కణంగా మార్చడమో జరుగుతుంది. లోపలికి వచ్చిన కణాలలో నూటికి 95కు పైగా బయటికి రాకుండానే చనిపోతాయి. ఇంతటి వడపోతను నడిపే థైమస్ ఎపిథీలియల్ కణాలకు మూలమైన జన్యువు ఫాక్స్‌ఎన్‌1. అది పనిచేయని ఎలుకలకు బొచ్చూ ఉండదు, థైమస్ కూడా ఉండదు. ఈ ఎపిథీలియల్ కణాలను చదునైన పళ్లెంలో పెంచితే త్వరలోనే ఫాక్స్‌ఎన్‌1 తగ్గిపోయి, పేరుకు బతికే ఉన్నా పని మానేస్తాయి. త్రిపరిమాణ నిర్మాణం ఈ అవయవానికి అలంకారం కాదు, దాని పని చేసుకోవడానికి అవసరమైన షరతు.

ఇప్పుడు చికిత్సకు వస్తాను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ లూయీస్ మార్కర్ట్ బృందం 1990ల నుంచి ఒక పద్ధతిని నడిపింది. పసిపిల్లల గుండె ఆపరేషన్లో గుండెకు దారి చేసుకోవడానికి శస్త్రవైద్యులు థైమస్‌లో కొంత భాగాన్ని తీసేస్తారు, మామూలుగా అది పారవేయవలసిన కణజాలం. తల్లిదండ్రుల అనుమతితో దాన్ని తీసుకుని, పలుచని ముక్కలుగా కోసి, 12 నుంచి 21 రోజుల పాటు కల్చర్‌లో, అంటే ల్యాబులో పోషక ద్రవంలో, ఉంచుతారు. ఈ వ్యవధిలో దాత టి కణాలు చాలావరకు కొట్టుకుపోయి, ఎపిథీలియల్ వల మిగులుతుంది. ఆ ముక్కలను థైమస్ లేకుండా పుట్టిన బిడ్డ తొడ కండరంలో చిన్న చిన్న సందులు చేసి అమరుస్తారు. ఛాతీలోనే పెట్టాలన్న నియమం లేదు. రక్తనాళాలు అల్లుకుని, మజ్జ కణాలు వచ్చి చేరగలిగితే చాలు. హెచ్‌ఎల్‌ఏ జోడీ చూడవలసిన అవసరం కూడా సాధారణంగా రాదు, ఎందుకంటే ఆ బిడ్డకు పరాయిదాన్ని తిరస్కరించే టి కణాలే లేవు.

ఈ ఉత్పత్తికి రిథైమిక్ అని పేరు. 2019లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తయారీకి సంబంధించిన అభ్యంతరాలతో దీన్ని వెనక్కి పంపి, 2021 అక్టోబరులో అనుమతించింది. అనుమతికి ఆధారమైన పది అధ్యయనాలలో 1993 నుంచి 2020 వరకు మొత్తం 105 మంది రోగులు చేరారు. ప్రధాన విశ్లేషణలో తీసుకున్న 95 మందిలో ఏడాదికి బతికి ఉండే అవకాశం 77 శాతంగా, రెండేళ్లకు 76 శాతంగా తేలింది. ఈ చికిత్స లేకపోతే ఇటువంటి పిల్లలు సాధారణంగా రెండు మూడేళ్ల వయసు దాటరు. ఈ రెండు అంకెలు దాదాపు ఒకటే కావడంలో ఒక విషయం దాగి ఉంది. మరణాలలో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే జరిగాయి, ఎందుకంటే అమర్చిన ముక్కల నుంచి కొత్త టి కణాలు చెప్పుకోదగినన్ని రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొన్నిసార్లు అంతకు మించి పడుతుంది, ఆ లోపు బిడ్డను ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడడం ఆసుపత్రి పని. ఆ గడువు దాటిన వారిలో అత్యధికులు దీర్ఘకాలం నిలిచారు. అయితే థైరాయిడ్ లోపం, రక్తకణాలు తగ్గిపోవడం వంటి స్వయం దాడి జబ్బులు కొందరిలో వచ్చాయి. పరాయి స్ట్రోమా నడిపిన వడపోత పూర్తిగా మన వడపోత కాదనడానికి అది గుర్తు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో కూడా ఇదే తరహా మార్పిడి జరుగుతోంది.

దీన్ని కృత్రిమ అవయవం అనవచ్చా? నేనైతే అనను. ఇది దానం వచ్చిన కణజాలాన్ని శుద్ధి చేసి అమర్చడం. కానీ ఇది రెండు విషయాలను ఎలుకలో కాకుండా మనిషిలోనే రుజువు చేసింది: స్ట్రోమా ఒక్కటి అందితే రోగి సొంత మజ్జ మిగిలిన పని చేసుకుంటుందని, అవయవం తన సహజ స్థానంలో లేకపోయినా పనిచేస్తుందని. ల్యాబులో థైమస్ కట్టాలనుకునే ప్రతి బృందమూ ఈ రెండింటి మీదే నిలబడి ఉంది.

అలా కట్టే ప్రయత్నాలలో మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది కణానికి కొత్త గుర్తింపు ఇవ్వడం. 2014లో ఎడిన్‌బరోలో క్లేర్ బ్లాక్‌బర్న్ బృందం ఎలుక పిండపు ఫైబ్రోబ్లాస్టులలో ఫాక్స్‌ఎన్‌1ను బలవంతంగా పనిచేయించి, వాటిని థైమస్ ఎపిథీలియల్ కణాల వంటివాటిగా మార్చి, ఇతర థైమస్ కణాలతో కలిపి ఎలుక మూత్రపిండపు పొర కింద అమర్చింది. అక్కడ వెలుపలి పొర, లోపలి పొర స్పష్టంగా ఉన్న పూర్తి థైమస్ పెరిగింది. ఒకే ఒక జన్యువుతో ఇంత జరగడం అప్పట్లో మా రంగంలో చాలామందిని ఆశ్చర్యపరిచింది. రెండవ దారి మూలకణాలది. 2013లో వేర్వేరు బృందాలు మానవ పిండ మూలకణాలను దశలవారీగా నడిపించి థైమస్ పూర్వకణాలను తయారుచేశాయి, కానీ అవి పూర్తిగా పరిణతి చెందడానికి ఎలుక శరీరంలోకి వెళ్లవలసి వచ్చింది. మూడవది నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది. లండన్‌లో పావోలా బోన్‌ఫాంటి బృందం 2020లో ప్రచురించిన పని ఇది. ఎలుక జాతికి చెందిన ర్యాట్ థైమస్‌ను దాని సన్నని రక్తనాళాల గుండా ద్రావణాలు పంపి కణాలన్నీ కడిగేసి, మిగిలిన పీచుల చట్రంలోకి గుండె ఆపరేషన్లలో తీసిన మానవ థైమస్‌ల నుంచి పెంచిన ఎపిథీలియల్ కణాలను, వాటి మధ్య ఉండే ఇతర ఆధార కణాలను ఎక్కించారు. మానవ రోగనిరోధక కణాలున్న ఎలుకలలో పెట్టినప్పుడు అది మానవ టి కణాల ఎదుగుదలకు తోడ్పడింది. ఇక్కడ కణాలూ, చట్రమూ, ఎపిథీలియం కాని ఆధార కణాలూ మూడూ ఉన్నాయి, అందువల్లనే నా నమ్మకం. ఒక దాత థైమస్ నుంచి కణాలను పెంచి నిల్వ చేయగలిగితే, అది ఒకే బిడ్డకు కాకుండా చాలామందికి సరిపోవచ్చు. అయితే జంతువు చట్రం మనిషికి పెట్టాలంటే దాని భద్రతను విడిగా తేల్చాలి, పెద్ద అవయవానికి రక్తనాళాలు సమయానికి అందాలి. ఈ రెండు పనులూ ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇంకో పని కూడా థైమస్ పేరుతోనే వార్తల్లోకి వస్తుంది గానీ దాని ఉద్దేశం వేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లో గే క్రూక్స్ బృందం 2017లో ‘కృత్రిమ థైమస్ ఆర్గనాయిడ్’ను (ఆర్గనాయిడ్ అంటే ల్యాబులో పెంచిన, అవయవాన్ని తలపించే చిన్న కణాల ముద్ద) ప్రకటించింది. డీఎల్‌ఎల్‌1 అనే నాచ్ సంకేతాన్ని తయారుచేసే ఎలుక స్ట్రోమా కణాలను మానవ మూలకణాలతో కలిపి ముద్దగా చేసి, గాలికీ ద్రవానికీ మధ్యనున్న పొర మీద ఉంచితే కొన్ని వారాలలో పరిణత మానవ టి కణాలు పుట్టుకొస్తాయి. పద్ధతి సులువైనది, ఇతర ల్యాబులలోనూ నడుస్తుంది, అందుకే బాగా వ్యాపించింది. కానీ ఇందులో థైమస్ ఎపిథీలియల్ కణమే లేదు. ఏఐఆర్‌ఈ చూపించే ప్రోటీన్లు లేవు కనుక స్వయం దాడి చేసే కణాలను ఏరేసే రెండవ పరీక్ష ఇందులో జరగదు. క్యాన్సర్ మీదికి పంపడానికి, ముందే ఎంపిక చేసిన ఒకే గ్రాహకం (లక్ష్యాన్ని గుర్తుపట్టే ప్రోటీన్) గల టి కణాలను పెద్ద సంఖ్యలో తయారుచేసుకోవాలంటే ఆ లోపం అంతగా బాధించదు, ఎందుకంటే మనం ఎక్కించిన గ్రాహకం ఉన్న కణంలో సొంత గ్రాహకం ఏర్పడే అవకాశం బాగా తగ్గుతుంది. బిడ్డకు జీవితాంతం సరిపడే, వైవిధ్యమున్న టి కణ సంపద కావాలంటే మాత్రం ఇది మార్గం కాదు. ఒకటి కణాల తయారీ, మరొకటి అవయవ నిర్మాణం. పత్రికలు రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే మీకు కలిగినటువంటి గందరగోళం పుడుతుందని అనుకుంటున్నాను.

పెద్దవాళ్లలో థైమస్ కొవ్వుగా మారిపోతుంది కనుక దాని అవసరం లేదన్న మాట పాఠ్యపుస్తకాలలో చాలాకాలం నడిచింది. 2023లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు, థైమస్ తీసేసిన పెద్దవాళ్లను, అటువంటి ఛాతీ ఆపరేషన్ జరిగినా థైమస్ మిగిలి ఉన్నవాళ్లతో పోల్చి చూశారు. అయిదేళ్ల లోపు మరణాలు మొదటి వర్గంలో 8.1 శాతం, రెండవ వర్గంలో 2.8 శాతం. క్యాన్సర్ 7.4 శాతం, 3.7 శాతం. ఇది వెనక్కి తిరిగి చూసిన అధ్యయనం కనుక కారణాన్ని కచ్చితంగా నిరూపించదు. అయినా వయసు మీరిన వారికీ, కీమోథెరపీ తరువాత టి కణాలు కోలుకోని వారికీ థైమస్ పునర్నిర్మాణం ఉపయోగపడవచ్చన్న ఆలోచనకు ఇది బలం ఇచ్చింది.

లింఫు గ్రంథి విషయం థైమస్ కంటే చిత్రమైనది, ఎందుకంటే శరీరం అవసరమైన చోట దాన్ని తనంతట తాను కట్టుకోగలదు. దీర్ఘకాలపు వాపు ఉన్న కీళ్లలోనూ, కొన్ని కణితుల అంచుల్లోనూ గ్రంథి వంటి నిర్మాణాలు ఏర్పడతాయి. లింఫోటాక్సిన్ అనే సంకేతం అందక పోతే ఎలుకలలో లింఫు గ్రంథులే ఏర్పడవని 1990లలో తెలిసింది. జపాన్‌లో సుయెమట్సు, వాటనబె 2004లో ఈ సూత్రాన్ని వాడుకుని, లింఫోటాక్సిన్ తయారుచేసే స్ట్రోమా కణాలనూ, డెండ్రిటిక్ కణాలనూ (సూక్ష్మజీవుల ముక్కలను టి కణాలకు చూపించే కణాలు) కొలాజెన్ స్పాంజిలో నింపి ఎలుక మూత్రపిండపు పొర కింద ఉంచారు. కొన్ని వారాలలో టి కణాల ప్రాంతం, బి కణాల గుంపులు విడివిడిగా ఏర్పడి లింఫు గ్రంథిని తలపించాయి. రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు దాన్ని మార్చి పెట్టినప్పుడు ప్రతిరక్షకాలు తయారయ్యాయి. ఇరవై ఏళ్లు దాటినా ఇది మనుషులకు రాలేదు. స్ట్రోమా కణాల మూలం ఒక అడ్డంకి. లింఫు ప్రవాహానికి కలపడం రెండవది. ఎక్కడ పడితే అక్కడ గ్రంథి ఏర్పడితే స్వయం దాడికి దారితీయవచ్చన్న భయం మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత చెయ్యి వాచిన రోగులకు శస్త్రవైద్యులు గజ్జ వంటి చోట్ల నుంచి సొంత లింఫు గ్రంథులనే రక్తనాళాలతో సహా తెచ్చి అమరుస్తారు. అది ఇవాళ ఆసుపత్రులలో జరుగుతున్న పనే, కానీ అది మార్పిడి, నిర్మాణం కాదు.

ఇక పరిశోధనకు పనికివచ్చే నమూనాల సంగతి. వీటి అవసరం ఏమిటో 2006 మార్చిలో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ప్రాంగణంలో జరిగిన సంఘటన చూపించింది. టీజీఎన్‌1412 అనే ప్రతిరక్షకాన్ని ఆరుగురు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము చొప్పున ఇచ్చారు. కోతులు అంతకు 500 రెట్ల మోతాదును తట్టుకున్నాయి. మనుషులు ఆరుగురూ మాత్రం గంటల్లోనే సైటోకైన్ల (రోగనిరోధక కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్ల) ఉప్పెనలో పడి, పలు అవయవాలు దెబ్బతిని ఐసీయూకి చేరారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ కోతుల జ్ఞాపక టి కణాలలో ఒక ముఖ్య వర్గానికి ఈ మందు అంటుకునే సీడీ28 అనే ప్రోటీన్ లేదని తరువాత తేలింది. ఇంకా ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. మనిషి రక్తం నుంచి తీసిన కణాలు కూడా మామూలు కల్చర్‌లో ఈ మందుకు స్పందించలేదు. 2011లో జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ బృందం అవే రక్త కణాలను ముందు రెండు రోజులు కిక్కిరిసినట్టు, అంటే లింఫు గ్రంథిలో ఉండేంత సాంద్రతతో పెంచి, ఆ తరువాత మందు ఇచ్చింది. అప్పుడు కణాలు తీవ్రంగా స్పందించాయి. కణాలు అవే, మందు అదే, మారింది కణాలున్న పరిసరం. ప్రమాదం రక్తంలో కాక కణజాలంలో దాగి ఉందన్న మాట. మానవ లింఫు గ్రంథిని తలపించే నమూనా ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ ప్రయోగమే.

ఆ దిశలో నేడు ఎక్కువగా వాడుతున్నది టాన్సిల్ ఆర్గనాయిడ్. స్టాన్‌ఫోర్డ్‌లో లీసా వాగర్, మార్క్ డేవిస్ 2021లో దీన్ని ప్రచురించారు. ఆపరేషన్లో తీసేసిన టాన్సిల్స్‌ను కణాలుగా విడదీసి, చిన్న పొర గిన్నెల్లో మళ్లీ కిక్కిరిసినట్టు పోసి, బి కణాలు బతకడానికి అవసరమైన ఒక సంకేత ప్రోటీన్ కలిపి, ఫ్లూ టీకా వేశారు. కణాలు కొన్ని రోజుల్లో తిరిగి గుంపులుగా సర్దుకుని, జెర్మినల్ సెంటర్ (లింఫు గ్రంథిలో బి కణాలు తమ ప్రతిరక్షకాలను మెరుగుపరచుకునే చోటు) లక్షణాలతో టీకాకు తగిన ప్రతిరక్షకాలను తయారుచేశాయి, వాటి జన్యువులలో ఉత్పరివర్తనాలు చేరి పదునెక్కడం కూడా కనిపించింది. ఇందులో స్ట్రోమాను విడిగా కట్టలేదు, టాన్సిల్‌తో పాటు వచ్చిన కొద్దిపాటి ఆధార కణాలే వాడుకున్నారు. దీని బలం సరళత. ఒకే టాన్సిల్ నుంచి వచ్చే కణాలతో పదుల కొద్దీ గిన్నెలు నింపి, ఒకే మనిషి కణాల మీద వేర్వేరు టీకాలను పక్కపక్కన పరీక్షించవచ్చు. బలహీనత ఏమిటంటే గిన్నెలోకి కొత్త కణాలు రావు, తయారైనవి మజ్జకు వెళ్లి స్థిరపడలేవు, కొన్ని వారాలు దాటితే అంతా సన్నగిల్లుతుంది. మనం ఇప్పటికే ఎదుర్కొన్న ఫ్లూ వంటి వాటికి పాత జ్ఞాపకం స్పందించడాన్ని ఇది బాగా చూపిస్తుంది, ముందెన్నడూ ఎరగని ప్రతిజనకానికి (రోగనిరోధక శక్తి స్పందించే పరాయి పదార్థానికి) తొలి స్పందనను చూడడం అంతకంటే కష్టం.

హార్వర్డ్‌కు చెందిన వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో డొనాల్డ్ ఇంగ్బర్ బృందం 2022లో ఇంకో మార్గం చూపింది. మామూలు రక్తం నుంచి తీసిన టి, బి కణాలను చిప్‌లోని (సన్నని కాలువలున్న చిన్న పరికరంలోని) జెల్‌లో ఉంచి పక్కనే ద్రవం నెమ్మదిగా ప్రవహించేలా చేస్తే, అవి వాటంతట అవే లింఫు పుటికల (లింఫు గ్రంథిలో బి కణాలు గుమిగూడే చోట్ల) వంటి గుంపులు కట్టాయి, పళ్లెంలో కదలకుండా ఉంచితే అలా జరగలేదు. టాన్సిల్ దొరకని వయసు వారి మీద, వృద్ధుల మీద టీకా ఎలా పనిచేస్తుందో చూడడానికి ఇది అనువైనది. అమెరికాలో అంకుర్ సింగ్ బృందం జెల్ గట్టిదనాన్నీ, అందులో ఉండే అతుకు సంకేతాలనూ మార్చి బి కణాల గతి ఎలా మారుతుందో చూపించింది. ఇంజనీరింగ్ నేపథ్యం ఉన్నవారికి ఇది మంచి ప్రవేశ ద్వారం.

ఎముక మజ్జ చిప్‌లు కూడా ముందుకు వచ్చాయి. 2020లో ఇదే వీస్ ఇన్‌స్టిట్యూట్ మానవ మజ్జ చిప్‌లో మందుల, రేడియేషన్ విషప్రభావాన్నీ, ష్వాక్‌మన్-డైమండ్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు వ్యాధిలో కనిపించే లోపాలనూ తిరిగి చూపగలిగింది. ప్లీహం విషయంలో చెప్పుకోదగినది తక్కువ. ‘బయోస్ప్లీన్’ అని 2014లో వార్తల్లోకి వచ్చినది శరీరం బయట రక్తంలోని సూక్ష్మజీవులను అయస్కాంత పూసలతో పట్టి తీసే పరికరం. ఉపయోగకరమైనదే కావచ్చు గానీ అవయవం కాదు.

నా అంచనా ప్రకారం కట్టిన థైమస్ మొదట గట్టిగా ఉపయోగపడబోయేది అవయవ మార్పిడిలో. 2021 ఆగస్టులో డ్యూక్ వైద్యులు ఒక పసిబిడ్డకు గుండెనూ, అదే దాత థైమస్ కణజాలాన్నీ కలిపి అమర్చారు. దాత థైమస్‌లో పెరిగిన టి కణాలు దాత గుండెను తమదిగానే భావిస్తే జీవితాంతం మందులు వాడే అవసరం తప్పుతుందన్నది వారి ఆశ. 2024లో న్యూయార్క్ ఎన్‌వైయూ లాంగోన్‌లో జన్యుమార్పు చేసిన పంది మూత్రపిండాన్ని, దాని పొర కింద అదే పంది థైమస్‌ను ముందుగా అతికించి, ఒక రోగికి అమర్చారు. రక్తప్రసరణ చాలక 47 రోజుల తరువాత దాన్ని తీయవలసి వచ్చింది, కనుక థైమస్ భాగం ఎంత పనిచేసిందో తేల్చే అవకాశం దక్కలేదు. ఆలోచన మాత్రం సజీవంగానే ఉంది.

మన దగ్గరి పరిస్థితి కూడా అడిగారు. 2023 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి, ఆర్గనాయిడ్లు, అవయవ చిప్‌ల వంటి జంతురహిత పద్ధతుల ఫలితాలను కూడా స్వీకరించేందుకు వీలు కల్పించింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థకు అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో మానవ ఆధారిత నమూనాల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ వంటి టీకా సంస్థలున్న నగరానికి టాన్సిల్ ఆర్గనాయిడ్ వంటి నమూనా సహజంగా సరిపోతుంది, టాన్సిల్ ఆపరేషన్లు జరగని పెద్ద ఆసుపత్రి లేదు కదా. కావలసినది ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి లిఖితపూర్వక సమ్మతి, తీసిన కణజాలం కొద్ది గంటల్లో ల్యాబుకు చేరే ఏర్పాటు. ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థికి నా సలహా ఒక్కటే: టి కణాల మీద పనిచేసేవారు చాలామంది ఉన్నారు, స్ట్రోమా కణాలను విడదీసి పెంచడం, జెల్ తయారుచేయడం తెలిసినవారు తక్కువ, అది నేర్చుకోండి. ఎలుక కణితి నుంచి తీసే మ్యాట్రిజెల్ అనే జెల్ మీద ఆధారపడడం కూడా తగ్గించుకోండి, బ్యాచి బ్యాచికీ తేడా వస్తుంది, దాంతో పెంచినదాన్ని మనిషికి అమర్చే మార్గం దాదాపు ఉండదు.

థైమస్‌ను, రోగనిరోధక శక్తిని మూలకణాలతో తిరిగి తెప్పిస్తామని డబ్బు తీసుకునే క్లినిక్‌లు కూడా కనిపిస్తాయి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త వ్యాధుల వంటి ఆమోదిత అవసరాలకు చేసే మజ్జ మూలకణాల మార్పిడి తప్ప మిగిలిన మూలకణ వినియోగం అంతా పరిశోధన కిందికే వస్తుంది, అనుమతి పొందిన ట్రయల్‌లో తప్ప చేయకూడదు. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు వసూలు చేయకూడదు.

చివరిగా బిడ్డ గురించి. 22వ క్రోమోజోములో చిన్న భాగం లోపించే డైజార్జ్ సిండ్రోమ్ ఉన్న పిల్లలలో చాలామందికి థైమస్ చిన్నదిగా ఉన్నా ఎంతోకొంత పనిచేస్తుంది. పూర్తిగా లేనివారు సుమారు నూటికి ఒకరు, కనుక ఆ పేరు వినగానే థైమస్ మార్పిడి గురించి ఆందోళన పడనక్కరలేదు. గుండె లోపంతో పాటు కాల్షియం తగ్గి మూర్ఛలు వస్తుంటే, టి కణాల లెక్క, అందులోనూ కొత్తగా థైమస్ నుంచి వచ్చిన ‘నైవ్’ టి కణాల లెక్క, ట్రెక్ పరీక్ష (థైమస్‌లో కొత్త టి కణాలు తయారైనప్పుడు మిగిలే డీఎన్‌ఏ ముక్కలను లెక్కించేది) చేయించమని పిల్లల ఇమ్యునాలజీ నిపుణుడిని అడగాలి. టి కణాలు లేకపోవడానికి మజ్జ లోపం కారణమా, థైమస్ లోపం కారణమా అన్నది తప్పక తేల్చుకోవాలి. మజ్జ మార్పిడి విత్తనాన్ని ఇస్తుంది, నారుమడిని ఇవ్వదు, అందుకే థైమస్ లేని బిడ్డకు అది సరైన పరిష్కారం కాజాలదు. ఫలితం తేలేవరకు బీసీజీ, నోటి పోలియో చుక్కలు, రోటావైరస్ వంటి సజీవ టీకాలు ఆపాలి. మన దగ్గర వీటిలో మొదటి రెండూ పుట్టిన వెంటనే ఇస్తారు కనుక, కుటుంబంలో ముందు ఇటువంటి జబ్బు ఉంటే ప్రసవానికి ముందే వైద్యులకు చెప్పి ఉంచాలి. గుండె ఆపరేషన్ కోసం రక్తం ఎక్కించవలసి వస్తే రేడియేషన్ ఇచ్చి తెల్ల కణాలను నిర్వీర్యం చేసిన రక్తమే కావాలని రాతపూర్వకంగా కోరండి. దాత టి కణాలు బిడ్డ శరీరంపై దాడి చేస్తే, వాటిని ఎదుర్కొనే కణాలు ఆ బిడ్డకు ఉండవు.